ఎండిపోయిన మైనం డబ్బా



మా రాత్రి బడికి ఒక అక్క వస్తుంది. ఆమె కొడుకు రాజవొమ్మంగిలో సర్వీసు ఆటో నడుపుతాడు. బండికి మెరుపు రావడానికి పూసే మైనం డబ్బా ఒకటి వాళ్ళింట్లో ఉంది. కార్లకు, జీపులకు, ఆటోలకు పూసే మైనం అది. చాలా కాలంగా అటక మీదే ఉండిపోయింది.

ఒక రోజు ఆమె డబ్బా దించి మూత తీసింది. లోపల మైనం గట్టిపడిపోయింది. ఎండాకాలం చెరువు మట్టిలా పగుళ్ళు తేలింది. గుడ్డతో రుద్దితే ముక్కలు రాలుతున్నాయి గానీ గుడ్డకు అంటడం లేదు.

"పారెయ్యమ్మా" అన్నాడు కొడుకు.

ఆమెకు మనసు ఒప్పలేదు. డబ్బు పెట్టి కొన్న వస్తువు. నెయ్యి పేరుకుంటే పొయ్యి పక్కన పెడతాం, కరుగుతుంది. ఇదీ అంతే కదా అనుకుంది. డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరకు వెళ్ళింది.

అప్పుడు డబ్బా వెనక వైపు చూసింది. అక్షరాలన్నీ ఇంగ్లీషువి. చదవలేకపోయింది. కాని అక్కడ ఒక బొమ్మ ఉంది. ఎర్ర గీత గళ్ళలో నల్లటి మంట బొమ్మ. ఆమె ఆగింది. ఆ రాత్రి డబ్బా పట్టుకుని బడికి వచ్చింది.

"పంతులమ్మా, ఈ బొమ్మ ఏటో చెప్పు" అంది.

ఆ బొమ్మకు అర్థం ఒక్కటే. "ఇది తేలిగ్గా అంటుకుంటుంది. నిప్పుకు దూరంగా ఉంచండి." ఆ అక్క ఆ రోజు ఆగింది కాబట్టి ఆమె చేతులు క్షేమం, ఇల్లు క్షేమం. ఆ రాత్రి బడిలో మేము మైనం గురించే మాట్లాడుకున్నాం. అదే ఈ పాఠం.

డబ్బాలో ఏముంది?

డబ్బాలో ముఖ్యంగా రెండు ఉంటాయి. ఒకటి మైనం. రెండోది ఆ మైనాన్ని మెత్తగా ఉంచే నూనె.

మైనం చాలా రకాలు. తేనెటీగ ఇచ్చేది ఒకటి. కొన్ని చెట్లు కూడా మైనం ఇస్తాయి. బండ్ల మైనంలో పేరున్నది కార్నూబా మైనం. అది బ్రెజిల్ దేశంలో పెరిగే ఒక రకం తాటిజాతి చెట్టు ఆకుల నుంచి వస్తుంది. ఎండకు ఆకులోని నీరు ఆరిపోకుండా ఆ చెట్టు తన ఆకుకు తానే మైనం పూసుకుంటుంది. ఆకులు కోసి, ఎండబెట్టి, దులిపి ఆ మైనం తీస్తారు. అది తేనెమైనం కంటే గట్టిది. అందుకే బండి మీద ఎక్కువ రోజులు నిలుస్తుంది. కొన్ని డబ్బాల్లో తేనెమైనం కూడా కలుపుతారు. మట్టినూనె తీసే ముడి చమురు నుంచి వచ్చే మైనం కూడా కలుపుతారు. కొవ్వొత్తులు చేసేది దానితోనే.

ఇవన్నీ గట్టివి. గట్టిది గుడ్డకు అంటదు. అందుకని టర్పెంటైన్ లాంటి నూనెలో వాటిని కరిగిస్తారు. అప్పుడు వెన్నలా మెత్తగా అవుతుంది. బండికి పూశాక నూనె గాలికి ఎగిరిపోతుంది. మైనం పొర మాత్రం రంగు మీద మిగులుతుంది. వాన పడితే ఆ పొర మీద నీరు నిలవదు. చామాకు మీద నీటి బొట్టు జారినట్టు జారిపోతుంది.

ఎందుకు ఎండిపోయింది?

మూత సరిగ్గా పడకపోతే ఆ నూనె డబ్బాలోనే కొంచెం కొంచెంగా ఎగిరిపోతుంది. మైనం ఒక్కటే మిగులుతుంది. గట్టిపడి పగులుతుంది.

అంటే పాడయింది మైనం కాదు. పోయింది నూనె. మైనం అంత తొందరగా చెడిపోయేది కాదు. ఈజిప్టు దేశంలో వేల ఏళ్ళ కిందటి సమాధుల్లో తేనెమైనం దొరికింది. పోయిన నూనెను మళ్ళీ కలిపితే చాలు, మన డబ్బా మళ్ళీ పనికొస్తుంది.

నిప్పు మీద ఎందుకు పెట్టకూడదు?

నెయ్యి వేరు, ఇది వేరు. డబ్బాలో ఇంకా కొంచెం నూనె మిగిలే ఉంటుంది. వేడి తగిలితే అది ఆవిరి అవుతుంది. ఆ ఆవిరి మన కంటికి కనిపించదు. అది గాలి కంటే బరువు. పైకి పోదు. నేలబారున పాకుతుంది. పొయ్యిలో నిప్పు ఎక్కడుందో అక్కడికి చేరుతుంది. భగ్గుమంటుంది. ఆ మంట వచ్చిన దారినే డబ్బా దాకా వస్తుంది.

మూత బిగించి వేడి చేస్తే ఇంకా ప్రమాదం. ఆవిరికి దారి లేక మూత ఎగిరిపోతుంది. కరిగిన మైనం మొహం మీద చిందుతుంది. చిందిన మైనం ఒంటికి అంటుకుంటుంది. నీళ్ళలా జారిపోదు.

కట్టెల పొయ్యి అయినా, గ్యాసు పొయ్యి అయినా, కరెంటు పొయ్యి అయినా మాట ఒక్కటే. డబ్బాను పొయ్యి మీద పెట్టవద్దు. పొయ్యి ఉన్న గదిలో మూత కూడా తీయవద్దు.

ఎలా బాగు చేయాలి?

ముందు డబ్బాను చూడండి. లోపల తుప్పు పొట్టు రాలిందా? ఇసుక, దుమ్ము పడ్డాయా? అయితే ఆ మైనం బండికి వద్దు. తుప్పు, ఇసుక కలిసిన మైనంతో రుద్దితే రంగు గీరుకుపోతుంది. శుభ్రంగా ఉండి, ఊరికే ఎండి పగిలితేనే బాగు చేయండి.

కావలసినవి: రంగులు అమ్మే దుకాణంలో దొరికే టర్పెంటైన్ నూనె కొంచెం. ఒక పాత చెంచా. ఒక పొడి పుల్ల. దుకాణంలో "టర్పెంటైన్" అనే అడగండి. "థిన్నర్" వద్దు. థిన్నర్ కొన్ని రకాల రంగును ఊడదీస్తుంది. పెట్రోలు అసలే వద్దు. పెట్రోలు ఆవిరి చలికాలంలో కూడా అంటుకుంటుంది.

మొదటి పద్ధతిలో వేడి లేదు. ఇదే అన్నిటికంటే మంచిది.

1. పని ఇంటి బయట చేయండి. దగ్గర్లో పొయ్యి, దీపం, చుట్ట, బీడీ ఉండకూడదు. పిల్లలను దూరంగా ఉంచండి.

2. మైనాన్ని పుల్లతో చిన్న ముక్కలు చేయండి.

3. ఒక చెంచా టర్పెంటైన్ పోయండి. ఎక్కువ పోయవద్దు. చాలకపోతే మళ్ళీ పోయవచ్చు. ఎక్కువైతే తీయలేం.

4. మూత గట్టిగా బిగించి, నీడలో ఒక రాత్రి, ఒక పగలు వదిలేయండి. బియ్యం నానినట్టు మైనం నూనెలో నానుతుంది.

5. బయటకు తెచ్చి మూత తీసి కలపండి. ఇంకా గట్టిగా ఉంటే మరో చెంచా పోసి మళ్ళీ ఒక రోజు ఉంచండి. వెన్నలా అయితే చాలు.

రెండు మూడు రోజులైనా ముక్కలు కరగకపోతే రెండో పద్ధతి.

పొయ్యి మీద నీళ్ళు మాత్రమే కాచండి. గిన్నె దించి ఇంటి బయటకు, పొయ్యికి బాగా దూరంగా తీసుకుపోండి. డబ్బా మూత తీసి ఆ వేడి నీళ్ళలో నిలబెట్టండి. నీళ్ళు రెండు వేళ్ళ లోతు ఉంటే చాలు. డబ్బాలోకి నీరు పోకూడదు. పది నిమిషాల్లో మైనం మెత్తబడుతుంది. పొడి పుల్లతో కలపండి. నీళ్ళు చల్లారితే మళ్ళీ నీళ్ళే కాచి తెచ్చుకోండి. డబ్బాను మాత్రం పొయ్యి దగ్గరకు తీసుకుపోవద్దు. తర్వాత డబ్బా కదపకుండా చల్లారనివ్వండి. పూర్తిగా చల్లారాక మూత బిగించండి.

నిప్పుతో పని నీళ్ళ వరకే. నీళ్ళతో పని మైనానికి. ఈ ఒక్క మాట గుర్తుంటే ఈ పాఠం వచ్చినట్టే.

ఎక్కడ పూయాలి? ఎక్కడ పూయకూడదు?

బండి కడిగి, ఆరాక, నీడలో పూయాలి. ఎండకు కాలుతున్న రేకు మీద పూస్తే మరకలు పడతాయి. ముందు ఒక మూల కొంచెం పూసి చూడండి. పలుచగా పూయండి. ఆరాక మెత్తటి గుడ్డతో తుడవండి.

ముందు అద్దానికి పూయవద్దు. వానలో దారి మసకగా కనిపిస్తుంది. కాలు పెట్టే చోట, బ్రేకు దగ్గర, టైర్లకు పూయవద్దు. జారుతుంది. ఘాటు రోడ్డు మీద జారితే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

తుడిచిన గుడ్డను ఉండ చుట్టి మూల పడేయవద్దు. పొయ్యిలో వేయవద్దు. బయట పరిచి ఆరనివ్వండి.

డబ్బా మీద తెలుగులో రాసి అంటించండి: "బండి మైనం. నిప్పు వద్దు. తినరాదు." మీ చేత్తోనే రాయండి. టర్పెంటైన్‌ను మంచినీళ్ళ సీసాలో, కూల్ డ్రింకు సీసాలో పోసి పెట్టవద్దు. పిల్లలు నీళ్ళనుకుని తాగుతారు. ఎవరైనా తాగితే కక్కించవద్దు. కక్కితే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. వెంటనే 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోండి. సీసా కూడా వెంట తీసుకుపోండి.

మరి మన తేనెమైనం?

డబ్బా బాగయింది. అప్పుడు ఆ అక్కే ఇంకో మాట అడిగింది. "మరి మా ఇంట్లో తేనె పిండిన పిప్పి ఉంటాది కదా. అదీ నల్లగా ఎండిపోతాది. అది కూడా మైనమే కదా పంతులమ్మా?"

మంచి ప్రశ్న. అదీ మైనమే. పైగా అందులో టర్పెంటైన్ లేదు.

మైనం ఎవరు చేస్తారో తెలుసా? పని ఈగలు చేస్తాయి. వాటి కడుపు కింద మైనం ఊరే చిన్న గ్రంథులు ఉంటాయి. అక్కడ పలుచటి రేకుల్లా మైనం వస్తుంది. ఈగ దాన్ని నోటితో నమిలి, మెత్త చేసి, గదులు కడుతుంది. ఒక కిలో మైనం చేయడానికి ఈగలు సుమారు 6 నుంచి 8 కిలోల తేనె తింటాయని చెబుతారు. పిప్పి అని మనం పారేసేది అంత కష్టం, అంత తేనె.

పిప్పిని అలాగే వదిలేస్తే పురుగు పడుతుంది. మైనం తినే చిమ్మట పురుగు ఒకటి ఉంది. అది పట్టును జల్లెడ చేసేస్తుంది. అందుకని తేనె పిండిన కొద్ది రోజుల్లోనే కరిగించుకోవాలి.

తేనెమైనం సుమారు 62 నుంచి 64 డిగ్రీల వేడికి కరుగుతుంది. నీళ్ళు మరిగేది 100 డిగ్రీలకు. ఇది జ్వరం చూసే కొలత కాదు, వేరే కొలత. నీళ్ళు ఎంత మరిగినా 100 దాటవు. కాబట్టి నీళ్ళలో ఉన్న మైనం మాడదు. ఉత్త గిన్నెలో వేస్తే మాత్రం వేడికి హద్దు లేదు. ముందు పొగ వస్తుంది. తర్వాత అంటుకుంటుంది. ఇక్కడా మనకు దిక్కు నీళ్ళే.

1. పిప్పిని చల్లటి నీళ్ళలో ఒక పూట నానబెట్టి కడగండి. మిగిలిన తేనె పోతుంది.

2. పలుచటి పాత గుడ్డలో మూట కట్టండి.

3. వంటకు వాడని అల్యూమినియం గిన్నెలోనో స్టీలు గిన్నెలోనో సగం దాకా నీళ్ళు పోసి మూట వేయండి. ఇనుప గిన్నె వద్దు. మైనం నల్లబడుతుంది.

4. సన్నటి సెగ మీద కాచండి. తెర్లనివ్వవద్దు. పొంగితే మైనం పొయ్యిలో పడుతుంది. అక్కడే కూర్చోండి. వేరే పనికి లేచి పోవద్దు. పోవాలంటే గిన్నె దించి పోండి.

5. కర్రతో మూటను నొక్కండి. మైనం గుడ్డలోంచి బయటకు వచ్చి నీళ్ళ మీద తేలుతుంది. చెత్త మూటలోనే ఉండిపోతుంది.

6. గిన్నె దించి, మూట తీసేసి, మూత పెట్టి రాత్రంతా కదపకుండా ఉంచండి. తెల్లారేసరికి నీళ్ళ మీద మైనం రొట్టెలా గట్టిపడి ఉంటుంది. తీసి, అడుగున అంటిన మడ్డి గీకేయండి.

పసుపు రంగు మైనం బిళ్ళ తయారు. పాత బిళ్ళ మీద ఒక్కోసారి తెల్లటి పొడి పేరుకుంటుంది. అది బూజు కాదు. మైనంలోంచే వస్తుంది. గుడ్డతో తుడిస్తే పోతుంది.

మడమల పగుళ్ళకు

తేనెమైనం ఒక పాలు, కొబ్బరినూనె గానీ నువ్వుల నూనె గానీ నాలుగు పాలు తూకం వేసి తీసుకోండి. చిన్న గిన్నెలో వేసి, ఆ గిన్నెను వేడి నీళ్ళ గిన్నెలో పెట్టండి. కరిగాక కలిపి, శుభ్రమైన డబ్బాలో పోసుకోండి. చల్లారితే పూతమందులా గట్టిపడుతుంది. రాత్రి కాళ్ళు కడిగి, తుడిచి మడమలకు రాసుకోవచ్చు. పుండు పడితే, చీము పడితే ఇది చాలదు. ఆసుపత్రిలో చూపించుకోవాలి.

బండి మైనం మాత్రం ఎప్పుడూ ఒంటికి రాయవద్దు. "అదీ మైనమే కదా" అనుకోవద్దు. అందులోని నూనెలు చర్మాన్ని మండిస్తాయి.

మంట అంటుకుంటే

మైనం అంటుకుంటే నీళ్ళు పోయవద్దు. నీళ్ళు పడగానే మండే మైనం ఎగిరి నాలుగు వైపులా పడుతుంది. గిన్నె మీద పెద్ద మూత పెట్టండి. లేకపోతే ఇసుక చల్లండి. గాలి అందకపోతే మంట ఆరుతుంది. పని మొదలుపెట్టే ముందే మూత, ఇసుక పక్కన పెట్టుకోండి. మండుతున్న గిన్నెను ఎత్తుకుని పరుగెత్తవద్దు.

ఒళ్ళు కాలితే చల్లటి మంచినీళ్ళు ఇరవై నిమిషాలు ధారగా పోయండి. గాజులు, ఉంగరాలు వాపు రాకముందే తీసేయండి. ఒంటికి అతుక్కున్న మైనాన్ని పీకవద్దు. పేడ, సిరా, పళ్ళపొడి పూయవద్దు. ఆసుపత్రికి తీసుకుపోండి.

మైనం మీద మన హక్కు

తేనె అమ్ముకుంటాం. మైనాన్ని చాలామంది పారేస్తారు. లేకపోతే అడిగిన వాళ్ళకు ఊరికే ఇచ్చేస్తారు. కాని మైనానికి విలువ ఉంది. కొవ్వొత్తులకు, పూతమందులకు, పాలిషులకు అది కావాలి. ఆదిలాబాదు వైపు ఓజా కళాకారులు మైనంతో బొమ్మ చేసి, దాని మీద మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి కారిపోతుంది. ఆ ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. డోక్రా బొమ్మలంటే అవే.

2006లో అటవీ హక్కుల చట్టం వచ్చింది. అడవిలో తరతరాలుగా బతుకుతున్న వాళ్ళకు చిన్నతరహా అటవీ ఫలసాయం మీద హక్కు ఉందని ఆ చట్టం చెబుతుంది. ఏరుకోవచ్చు, వాడుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఆ జాబితాలో వెదురు ఉంది, తేనె ఉంది. తేనె పక్కనే మైనం అనే మాట కూడా ఉంది. చట్టంలో రాసిన వస్తువును మనం పెంట మీద పారేస్తున్నాం.

1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. మనం జి.సి.సి. అంటాం. అది తేనె కొంటుంది. ఈసారి తేనె పట్టుకుపోయినప్పుడు మైనం గురించి కూడా అడగండి. సంతలో షావుకారు అడిగితే, ముందు మీ ఇంట్లో తూచి, తూకం పుస్తకంలో రాసుకుని పోండి. "ఇంత ఉంటుంది లెమ్మా" అంటే "ఇంత ఉంది బాబూ, రాసుకొచ్చాను" అని చెప్పండి. గ్రామంలో నలుగురూ కలిపి అమ్మితే చిన్న చిన్న బిళ్ళలు కిలోలు అవుతాయి.

ఆ అక్క ఇప్పుడు ఏ డబ్బా చేతికి వచ్చినా ముందు తిప్పి వెనక వైపు చూస్తుంది. పురుగుమందు డబ్బా అయినా అంతే, మందుబిళ్ళల అట్ట అయినా అంతే. తెలిసిన అక్షరాలు చదువుతుంది. తెలియనివి అడుగుతుంది. మనమూ అలాగే చేద్దాం.

గుర్తుంచుకోండి

ఎండిన మైనం పాడైన మైనం కాదు.
మంట బొమ్మ ఉన్న డబ్బా పొయ్యి దగ్గరకు పోకూడదు.
ముందు నానబెట్టండి. చాలకపోతే వేడి నీళ్ళు.
మండే మైనం మీద నీళ్ళు పోయకండి. మూత పెట్టండి.
బండి మైనం బండికే. ఒంటికి తేనెమైనం.

ఆలోచించి చెప్పండి

1. డబ్బాలో మైనం ఎందుకు గట్టిపడింది?
2. టర్పెంటైన్ ఆవిరి పైకి పోతుందా, నేలబారున పోతుందా?
3. తేనెమైనం నీళ్ళలో ఎందుకు మాడదు?
4. మీ ఇంట్లో మంట బొమ్మ ఉన్న డబ్బాలు, సీసాలు ఎన్ని ఉన్నాయి? వెతికి, వాటి పేర్లు మీ పుస్తకంలో రాయండి.